సమస్య: “బంగరమున కంటె బండ మేలు” (మైన్‌క్రాఫ్ట్ గనుల మీద పూరణలు, విమర్శలు)

నిర్వాహకుడు

మా అన్నగారి మనవడు సెలవులకు మా ఇంటికి వచ్చి, గనులు తవ్వుకుంటూ వస్తువులు కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటరు ఆట ఆడుకుంటున్నాడు. ఈ మధ్య ఒక సాయంత్రం బంగారు పలుగు దొరికిందని కుర్చీలోంచి గెంతినవాడు, కాసేపటికే దాన్ని పెట్టెలో పడేసి మళ్ళీ పాత రాతిపలుగే పట్టుకున్నాడు. ఎందుకురా అని అడిగితే, తల కూడా తిప్పకుండా “తాతయ్యా, దీనికన్నా బండే నయం” అన్నాడు. ఆ మాట నాలుగు రోజులు నా నాలుక మీద ఆడి, చివరికి ఆటవెలది నాలుగో పాదమై కూర్చుంది.

*బంగరమున కంటె బండ మేలు*

పూరణ ఆ ఆటలోని గనులకూ పనిముట్లకూ సంబంధించినదై ఉండాలి. బంగారం ధరనూ గ్యాసు బండ ధరనూ పోల్చే పూరణలు ఎవరెవరి దగ్గర సిద్ధంగా ఉన్నాయో నేను ఊహించగలను కాబట్టి, వాటిని తొలగిస్తానని ముందే మనవి చేస్తున్నాను. పికాక్సును పలుగు అన్నా గుద్దలి అన్నా నాకు సమ్మతమే.

ఇసుకతిన్నె

*ఇనుము రాలదయ్యె నెంత కొట్టినఁ గాని*
*పసిఁడి పలుగుతోడఁ బసయె లేక*
*ఱాతిపలుగు తగుల రాలెఁ గుప్పలు గాను*
*బంగరమున కంటె బండ మేలు*

ఈ ఆటలో పనిముట్టుకు ఉన్న విలువ వేరు, అంతస్తు వేరు. కట్టెపలుగుతో రాయీ బొగ్గూ వస్తాయి, రాతిపలుగుతో ఇనుమూ రాగీ వస్తాయి, ఇనుపపలుగు చేతికి వచ్చాకే బంగారమూ వజ్రమూ దక్కుతాయి. బంగారు పలుగును మాత్రం ఆట తయారుచేసినవారు కట్టెపలుగు సరసన కూర్చోబెట్టారు. దానితో ఇనుపరాయిని పగలగొట్టవచ్చు గాని, పగిలిన చోట చేతికి ఏమీ మిగలదు.

పాతకాపు

ఇసుకతిన్నె గారి ధార ఎప్పటిలాగే నిరాటంకంగా ఉంది, ఎప్పటిలాగే మూడో పాదం దగ్గర కాలు జారింది. “ఱాతి”లో ఉన్నది శకటరేఫం, “రాలె”లో ఉన్నది సాధురేఫం. ఈ రెండింటికీ యతి కుదరదని పాత లక్షణకర్తలు గట్టిగానే చెప్పారు. ఆధునికులు ఒప్పుకొంటారని వారు అంటారు కాబట్టి నేనే ముందుగా అనేస్తున్నాను: ఒప్పుకొంటారు, కాని పద్యమంతా అరసున్నలు పెట్టి గ్రాంథికంగా నడిపి, ఈ ఒక్క చోట మాత్రం ఆధునికులం అనడం పంచె మీద టై కట్టుకోవడం వంటిది.

ఇక “కుప్పలు” అన్న మాట. ఇనుపరాయిని ఒకదాన్ని కొడితే ముడి ఇనుము ఒక్కటే రాలుతుంది. కుప్పలుగా రాలేది రాగి, అది దెబ్బకు రెండు మొదలుకొని ఐదు దాకా ఇస్తుంది. రాలే ముక్కలను పెంచే ఫార్చ్యూన్ మంత్రం వేసిన పలుగు ఉందని చెప్పుకోవడానికి వీలు లేదు, ఎందుకంటే కవి చేతిలో ఉన్నది తొలి రోజుల రాతిపలుగు.

ఇసుకతిన్నె

పాతకాపు గారికి నమస్కారం. ఉగాదినాటి సమస్యకు తాము పంపిన కందంలో రెండో పాదం ప్రాస ఏ రేఫంతో పడిందో ఒకసారి వెనక్కి వెళ్ళి చూసుకోవలసిందిగా ప్రార్థన. అయినా పెద్దలు అడిగారు కాబట్టి సవరిస్తున్నాను, దీనితో “కుప్పలు” కూడా పోతాయి.

*ఱాతిపలుగు తగుల ఱంకె వేయుచు వచ్చె*

పాతకాపు

యతి కోసం ఎద్దును తెచ్చి గనిలో కట్టారు. ఇనుము ఱంకె వేయడం నేను ఇంతవరకూ వినలేదు, కాని యతి నిర్దుష్టంగా ఉంది కాబట్టి మౌనం వహిస్తాను. ఉగాది కందంలో ఉన్నది ముద్రారాక్షసం అని అప్పుడే చెప్పాను.

గోదారిగట్టు

నాకు ఇసుకతిన్నె గారి రేఫం మీద కన్నా రెండో పాదంలోని “పసయె లేక” మీదనే అభ్యంతరం ఉంది. పస లేదనడం బంగారు పలుగుకు అన్యాయం. మామూలు బండను పగలగొట్టే వేగంలో వజ్రపు పలుగు కూడా దాని ముందు నిలవదు. వేగపు అంకెలు చూస్తే కట్టెకు 2, రాతికి 4, ఇనుముకు 6, వజ్రానికి 8, బంగారానికి 12. దానికి లేనివి రెండే, ఒకటి అంతస్తు, రెండోది ఆయుర్దాయం. నేను ఆయుర్దాయాన్ని పట్టుకున్నాను.

*ముప్పదియును రెండు మొత్తమే దెబ్బలు*
*పసిఁడి పలుగుదైన భాగ్య మింతె*
*నూట ముప్పదొక్క నొవ్వక కొట్టును*
*బంగరమున కంటె బండ మేలు*

ఈ లెక్క నేను స్వయంగా పెట్టి చూశాను. కొత్త బంగారు పలుగు తీసుకొని బండగోడ ముందు నిలబడి ఒక్కొక్కటే లెక్కపెడుతూ కొట్టాను. రాయి తగిలీ తగలకముందే పోతుంటే మొదట్లో భలే ముచ్చటగా ఉంటుంది. ఇరవై దాటేసరికి పలుగు కింద ఉన్న ఆకుపచ్చ గీత పసుపై, తరువాత ఎర్రబారి, ముప్పై రెండో రాయి పగలడమూ పలుగు ఫట్టున విరగడమూ ఒకేసారి జరిగాయి. చేతిలో ఏమీ లేక వట్టి పిడికిలితో గోడను గుద్దుతున్నానని నాకు కొంతసేపటికి గాని తెలియలేదు.

కొలిమిసెగ

“భాగ్య మింతె” అన్న చోట నేను ఆగిపోయి మళ్ళీ చదువుకున్నాను. బంగారం పక్కన భాగ్యం అన్న మాటను పెట్టి, దాన్ని ముప్పై రెండు దెబ్బలకు కుదించడం ఈ చర్చలో ఇప్పటివరకు వచ్చిన చమత్కారాల్లో మేలైనది.

పాతకాపు

మేలైనదే, నేనూ ఒప్పుకొంటాను. కాని “ముప్పదొక్క” ఎక్కడి మాట? ముప్పది మీద ఒక్క వస్తే “ముప్పదియొక్క” కావాలి. ఇకారసంధిని సంఖ్యావాచకాల దాకా లాక్కురావడం గోదారిగట్టు గారికి అలవాటైపోయింది. సంక్రాంతి సమస్యలో “ఇరువదొక్క పిండివంట” అని వారు రాసినప్పుడే నేను హెచ్చరించాను, అప్పుడు అందరూ పిండివంటను చూసి సంధిని మరిచిపోయారు.

గోదారిగట్టు

పిండివంట బాగుందని అప్పుడు తామే మెచ్చుకున్నారు.

కొత్తచిగురు

అందరికీ నమస్కారం. నేను ఇంజనీరింగు చదువుతున్నాను, ఆట బాగా వచ్చు, ఛందస్సు ఈ మధ్యనే నేర్చుకుంటున్నాను. తప్పులుంటే మన్నించండి.

*వజ్రములను జూచి పరుగులు దీసితి*
*పసిఁడి పలుగు వేయ భస్మమయ్యె*
*బండఱాతి పలుగు బయటికిఁ దీసెను*
*బంగరమున కంటె బండ మేలు*

ఇసుకతిన్నె

బాబూ, గణాలన్నీ సరిగ్గా పడ్డాయి, అది చిన్న విషయం కాదు. మొదటి పాదంలో “వ”కు “ప”తో యతి చెల్లదు. వకారానికి పకార బకారాలతో మైత్రిని కొందరు ఒప్పుకొంటారు గాని నేను ఒప్పుకోను. “వజ్రములను జూచి వడివడిఁ బరువెత్త” అంటే సరిపోతుంది. “భస్మమయ్యె” నాకు నచ్చింది, వజ్రాన్ని తప్పు పలుగుతో కొట్టినప్పుడు కళ్ళ ముందు జరిగేది అచ్చంగా అదే.

కొలిమిసెగ

యతి సంగతి ఇసుకతిన్నె గారు చూసుకున్నారు కాని, అసలు దెబ్బ మూడో పాదంలో ఉంది. రాతిపలుగుతో వజ్రం రాదు కదా, తమ్ముడూ! దానికి ఇనుపపలుగే కావాలి. పసిడి పలుగుకు భస్మమైనది రాతిపలుగుకూ భస్మమే అవుతుంది. ఆట బాగా వచ్చునని ముందే చెప్పుకున్నావు కాబట్టి దీన్ని కవిసమయం కింద వదిలిపెట్టలేకపోతున్నాను. వజ్రాన్ని వదిలేసి, రాతిపలుగుకు లొంగి బంగారు పలుగుకు లొంగని లోహాన్ని దేన్నైనా ఎత్తుకుని చూడు.

నా పూరణ ఇది.

*నట్టనడుమ విడిచి నాల్గు వైపుల ఱాలఁ*
*బేర్చఁ గొలిమి పుట్టుఁ బెరుగు నగ్గి*
*కొలిమి లేక పసిఁడి కొంచెమున్ గరఁగదు*
*బంగరమున కంటె బండ మేలు*

అందరూ పలుగుల చుట్టూ తిరుగుతున్నారు కాబట్టి నేను కొలిమి వైపు వచ్చాను. ఎనిమిది గులకబండలను నడిమి గడి ఖాళీగా ఉంచి చుట్టూ పేర్చితే కొలిమి తయారవుతుంది. ముడి ఇనుమైనా ముడి బంగారమైనా ఆ కొలిమిలో పది సెకన్లు కాగితేనే కడ్డీ అవుతుంది, ఒక్క బొగ్గుతో ఎనిమిది కడ్డీలు దిగుతాయి. మూడు కడ్డీలకు రెండు కర్రలు చేర్చితే ఇనుపపలుగు వస్తుంది. అంతటికీ మొదట వేసిన పునాది ఆ ఎనిమిది బండలే.

పాతకాపు

పద్యం నడక చాలా బాగుంది. “నట్టనడుమ విడిచి” అన్న మాటతో బొమ్మ మొత్తం కళ్ళకు కట్టింది, ఎనిమిది అన్న అంకె వాడకుండానే ఎనిమిది చెప్పారు. కాని మూడో పాదంలోని సిద్ధాంతాన్ని నేను ఒప్పుకోలేను. ఆటలో నిప్పుల పాతాళం వంటి నెదర్ లోకంలోని బంగారురాయిని కట్టెపలుగుతో కొట్టినా బంగారు తునకలు రాలుతాయి, తొమ్మిది తునకలను కలిపితే కడ్డీ అవుతుంది, ఇందులో కొలిమి పని ఎక్కడ ఉంది?

కొలిమిసెగ

పాతకాపు గారు నా పాదాన్ని మరొకసారి నెమ్మదిగా చదవాలి. “కరఁగదు” అన్నాను గాని “దొరకదు” అనలేదు. తునకలను కలపడం కరగించడం కాదు. ఆపైన, నెదర్‌కు వెళ్ళే ద్వారం నిలబెట్టాలంటే లావా తోడడానికి బకెట్టు కావాలి, నిప్పు రాజేయడానికి చెకుముకి కావాలి, ఆ రెండింటికీ ఇనుము కావాలి, ఆ ఇనుమును కరగించిన కొలిమి మళ్ళీ బండలదే.

గోదారిగట్టు

ఈ వాదం ఇసుకతిన్నె గారి మొదటి పద్యాన్ని కూడా తాకుతుంది. బంగారం తవ్వాలంటే ఇనుపపలుగు కావాలి కదా, అలాంటప్పుడు ఇనుము కోసం తంటాలు పడుతున్న మనిషి చేతికి బంగారు పలుగు ఎలా వచ్చింది? పద్యం కథే అసంభవం కాదా?

ఇసుకతిన్నె

ఈ ప్రశ్న వస్తుందని తెలిసే ఊరుకున్నాను. 2020 జూన్‌లో వచ్చిన ఆట 1.16 వెర్షన్ నుంచి భూమి మీద అక్కడక్కడా నెదర్ శిథిలద్వారాలు కనిపిస్తున్నాయి. వాటి పక్కన ఉండే పెట్టెల్లో అదృష్టం బాగుంటే బంగారు పలుగు దొరుకుతుంది. నిర్వాహకులవారి మనవడికి దొరికింది కూడా అక్కడే అయి ఉంటుంది. తొలి రోజునే బంగారం చేతికి వచ్చి, దానితో ఇనుపరాయిని కొట్టి, ఏమీ రాలక తెల్లబోయినవాడే నా పద్యంలోని మనిషి.

నిర్వాహకుడు

వాడిని అడిగాను. పెట్టెలోనే దొరికిందట.

రేవుతాటి

*నిప్పుటేఱు నడుమ నిలిచిపోయిన వేళ*
*సంచి పసిఁడి నాకు సాయమిడునె*
*అడుగు కొక్క ఱాయి యానించి దాటితి*
*బంగరమున కంటె బండ మేలు*

2021 నవంబరులో 1.18 వెర్షన్ వచ్చినప్పటి నుంచి ఆటలోని ఎత్తు లెక్కలో ప్రపంచపు అడుగు మైనస్ 64 దాకా దిగిపోయింది. వజ్రాల కోసం మైనస్ 59 దగ్గర తవ్వుకుంటూ పోయేవాళ్ళకు లావా మడుగులు తగలక మానవు. అక్కడ ప్రాణం కాపాడేవి సంచిలో బరువుగా పడి ఉన్న ఉత్త గులకబండలే.

గోదారిగట్టు

పలుగూ కొలిమీ రెండూ వదిలిపెట్టి బండను బండగానే వాడిన పూరణ ఇదొక్కటే. మూడో పాదం అచ్చుతో మొదలైందని పాతకాపు గారు రాయబోతారు. ముందు పాదం ప్రశ్నతో ముగిసింది కాబట్టి అది దోషం కాదని వారి తరఫున నేనే సమాధానం ఇస్తున్నాను.

పాతకాపు

నేను రాయబోలేదు. నా పూరణ రాస్తున్నాను.

*పందిముట్టె జనులు పసిఁడికై మురియంగ*
*వర్తకంబు సాగు వాసితోడ*
*నెవ్వఁ డనియె నిట్టు లెఱుఁగక యీ మాట*
*“బంగరమున కంటె బండ మేలు”*

నెదర్‌లోని పిగ్లిన్‌లకు బంగారు కడ్డీ ఇస్తే బదులుగా ఏదో ఒక సరుకు ఇస్తారు. ఒంటి మీద బంగారు కవచం ఒక్కటి ఉన్నా మన జోలికి రారు. బంగారం విలువ అక్కడికి వెళ్ళినవారికి తెలుస్తుంది.

ఇసుకతిన్నె

పద్యం నిర్దుష్టంగా ఉంది, “పందిముట్టె జనులు” అన్న ప్రయోగం ముద్దుగా కూడా ఉంది. కాని సమస్యను విప్పమంటే, “ఎవడన్నాడు ఈ మాట” అని సమస్య మీదనే కేసు పెట్టడం పాతకాపు గారికి ఇది ఎన్నోసారి? దసరా సమస్యకు “అనఁగఁ దగునె”, ఉగాది సమస్యకు “అనుట కల్ల”, ఇప్పుడు “ఎవ్వఁ డనియె”. ఈ ఒక్క తాళంచెవితో ఊళ్ళోని తాళాలన్నీ తెరవవచ్చు.

పాతకాపు

తాళం తెరుచుకుందా లేదా అన్నదే ప్రశ్న.

కొలిమిసెగ

తెరుచుకుంది, కాని ఇంట్లోకి ఎవరూ వెళ్ళలేదు. పద్యంలో బండ ఎక్కడుంది? బంగారం గొప్పతనం చెప్పారు, బండ తక్కువతనం చెప్పలేదు, పోలికలో ఒక తట్ట ఖాళీగానే ఉండిపోయింది.

కొత్తచిగురు

అక్కా, మీరు చెప్పినట్టు వజ్రాన్ని వదిలేశాను. రాతిపలుగుకు లొంగి బంగారు పలుగుకు లొంగనిది రాగి అని తట్టింది. రాగి అనగానే యతి కూడా దానంతట అదే కుదిరింది.

*రాగిఁ గనిన యంత రయమున నుఱికితి*
*పసిఁడి పలుగు వేయ భస్మమయ్యె*
*బండఱాతి పలుగు బయటికిఁ దీసెను*
*బంగరమున కంటె బండ మేలు*

నిన్న రాత్రి కొత్త ప్రపంచం మొదలుపెట్టి ఇదంతా పరీక్షించాను. రాగి ఎక్కువగా దొరికే ఎత్తు 48 దగ్గర మొదలుపెట్టి, ఇనుము కోసం 16 దాకా దిగాను. బంగారు పలుగును పెట్టెలోనే వదిలి వెళ్ళాను.

ఇసుకతిన్నె

ఒకే మాటను మార్చి యతిదోషాన్నీ వస్తుదోషాన్నీ కలిపి తీసేయడం అందరికీ చేతకాదు. శభాష్.

పాతకాపు

శభాష్, నిజంగానే. “ఉఱికితి”లో శకటరేఫం ఎక్కడ పడాలో అక్కడే పడింది. ఈ కుర్రవాడి పద్యాన్ని ఇసుకతిన్నె గారు ఒకసారి పైకి చదువుకుంటే మంచిది.