క్యూటీలో ఒకేసారి 20 రిక్వెస్టులు: క్యూలో ఉన్నవి టైమవుట్ అవుతున్నాయి

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణానికి డెస్క్‌టాప్ యాప్ రాస్తున్నాను. క్యూటీ 6.5 (యాప్‌లు రాసే లైబ్రరీ), సీ ప్లస్ ప్లస్, విండోస్ 10. బటన్ నొక్కితే పత్తి, మిర్చి, పసుపు, మక్కల రేట్లకు 20 గెట్ రిక్వెస్టులు ఒకే సర్వర్‌కు, ఒకే క్యూనెట్‌వర్క్‌యాక్సెస్‌మేనేజర్ (రిక్వెస్టులు పంపే క్యూటీ క్లాసు) మీదుగా పోతాయి. సర్వర్ హెచ్‌టీటీపీ 1.1. ఒక్కో జవాబుకు సుమారు 2 సెకన్లు. జవాబు కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే సెట్‌ట్రాన్స్‌ఫర్‌టైమవుట్ 5000 మిల్లీసెకన్లు, అంటే 5 సెకన్లు.

మొదటి 12 సరిగ్గానే వస్తున్నాయి. మిగతా 8 మాత్రం సరిగ్గా ఐదో సెకనుకు ఆపరేషన్‌క్యాన్సిల్డ్‌ఎర్రర్‌తో (రిక్వెస్టు రద్దయిందనే ఎర్రర్) పోతున్నాయి. మామూలుగా ఒక హోస్ట్‌కు (సర్వర్‌కు) ఒకేసారి 6 కనెక్షన్లే వెళ్తాయని తెలుసు. నెట్‌వర్క్‌లో ఏం పోతోందో చూపే వైర్‌షార్క్‌లో చూస్తే ఆ 8లో 6 నాలుగో సెకను దాటాకే బయటికి పోయాయి, చివరి 2 అసలు పోనేలేదు. అంటే లైన్లో నిలబడ్డప్పటి నుంచే టైమర్ నడుస్తున్నట్టుంది.

టైమవుట్ 30000 పెడితే అన్నీ వస్తాయి, కానీ నెట్ పోయినప్పుడు అరనిమిషం దాకా తెలియదు. వేలం నడుస్తుంటే అంతసేపు ఆగడం కుదరదు. రిక్వెస్టుకో మేనేజర్ పెడితే సర్వర్ 429 (రిక్వెస్టులు ఎక్కువయ్యాయనే ఎర్రర్) ఇస్తోంది. క్యూఈవెంట్‌లూప్‌తో (జవాబు వచ్చేదాకా అక్కడే ఆగే లూప్) ఒక్కొక్కటిగా పంపితే, మధ్యలో బటన్ మళ్లీ నొక్కగానే క్రాష్. రిప్లైలను పని అయ్యాక తీసేసే డిలీట్‌లేటర్ పిలుస్తూనే ఉన్నాను.

సొంతంగా క్యూ రాసుకోకుండా, రిక్వెస్టు నిజంగా బయటికి వెళ్లినప్పటి నుంచే టైమవుట్ లెక్క మొదలయ్యేలా క్యూటీ 6.5లో ఎలా చేయాలి?