రైజెన్ 5 2600కి ఆర్‌టీఎక్స్ 4060 వేస్తే దండగేనా?

ప్రశ్న

అందరికీ నమస్తే. నాది రైజెన్ 5 2600, బీ450 బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, జీటీఎక్స్ 1060 6 జీబీ గ్రాఫిక్స్ కార్డు. మానిటర్ 1080పీ, 144 హెర్ట్జ్. కార్డు తీసేసి ఆర్‌టీఎక్స్ 4060 వేద్దామనుకుంటున్నా. ఎవరిని అడిగినా "2018 నాటి ప్రాసెసర్‌కి ఆ కార్డెందుకు, బాటిల్‌నెక్ అవుతుంది" అంటున్నారు, అంటే ప్రాసెసర్ వెనకబడి కార్డుని పూర్తిగా పనిచేయనివ్వదని. బాటిల్‌నెక్ కాలిక్యులేటర్‌లో కొడితే ఏదో శాతం చూపిస్తోంది, దాన్నిబట్టి ఏం చేయాలో తెలియట్లేదు. ఎక్కువగా ఆడేది సైబర్‌పంక్ 2077, కౌంటర్ స్ట్రైక్ 2. మొత్తం పీసీ ఇప్పట్లో మార్చలేను. కార్డు ఒక్కటే కొంటే ఉపయోగం ఉందా?

జవాబు 1

ముందు ప్రాసెసర్ మార్చు బ్రో. రైజెన్ 5 5600 అదే బోర్డులో పడుతుంది. ఆడేటప్పుడు టాస్క్ మేనేజర్‌లో సీపీయూ (ప్రాసెసర్) వాడకం ఎంత చూపిస్తోంది?

అడిగినవారు

40 శాతం దాటట్లేదు. అంటే ప్రాసెసర్ ఖాళీగానే ఉన్నట్టు కదా?

జవాబు 2

ఆ 40 శాతాన్ని నమ్మకండి. 2600కి 12 థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనుల వరసలు). ఆటలోని ప్రధాన థ్రెడ్ ఒక కోర్‌ని పూర్తిగా పట్టేసినా, మిగతావి ఖాళీగా ఉంటే సగటు తక్కువే కనిపిస్తుంది. మీరు చూడాల్సింది జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాడకం. అది 95 శాతం పైన నిలకడగా ఉంటే ఆపుతున్నది కార్డు. వీసింక్ (ఫ్రేమ్‌లని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్) గానీ ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేమ్‌లు) లిమిట్ గానీ లేకుండానే జీపీయూ వాడకం 60, 70 శాతానికి పడిపోతుంటే ప్రాసెసర్ అందించలేకపోతోందని.

కాలిక్యులేటర్ సంగతి వదిలేయండి. మీ ఆటలో మీరు పెట్టుకున్న సెట్టింగ్స్ దానికేం తెలుసు? ప్రతి ఫ్రేమ్‌కీ ఎవరు ఎక్కడున్నారు, ఏది కదిలింది, ఏమేం గీయాలి అన్నది ప్రాసెసర్ తేల్చి పంపాలి, కార్డు గీయాలి. రిజల్యూషన్ మారితే కార్డు పని మారుతుంది, ప్రాసెసర్ పని దాదాపు అంతే ఉంటుంది. కాబట్టి పైసా ఖర్చు లేకుండా ఇప్పుడున్న కార్డుతోనే తేల్చుకోవచ్చు. ఆడేటప్పుడు ఈ అంకెలు తెర మీద చూపించే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ పెట్టుకుని, కొత్త కార్డుతో ఏ సెట్టింగ్స్‌లో ఆడాలనుకుంటున్నారో అవే ఉంచి, రిజల్యూషన్ మాత్రం 720పీకి దించండి. జనం, షాడోల సెట్టింగ్స్ తగ్గించొద్దు, అవి ప్రాసెసర్ మీద కూడా పడతాయి. జనం కిక్కిరిసిన వీధిలోకి వెళ్లి చూడండి. జీపీయూ వాడకం బాగా పడిపోయినప్పుడు వచ్చే ఎఫ్‌పీఎస్సే మీ 2600 ఇవ్వగలిగేది. ఏ కార్డు కొన్నా దాన్ని పెద్దగా దాటదు.

అడిగినవారు

చేశాను. సైబర్‌పంక్: మార్కెట్ దగ్గర 1080పీలో 41 ఎఫ్‌పీఎస్, జీపీయూ 99 శాతం. 720పీలో 64, జీపీయూ 80 లోపే. కౌంటర్ స్ట్రైక్‌లో రెండింటిలోనూ 130 దగ్గరే, జీపీయూ 75 కూడా లేదు.

జవాబు 2

ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. సైబర్‌పంక్‌లో 41 నుంచి 60 దాకా వెళ్తారు, రోజూ ఆడే మనిషికి అది చాలా తేడా. 64 దగ్గర ఆగాక మిగిలిన కార్డు బలాన్ని టెక్స్చర్లకి, రిఫ్లెక్షన్లకి వాడుకోండి. డీఎల్ఎస్ఎస్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే పద్ధతి) అక్కడ ఎఫ్‌పీఎస్ పెంచదు, ఎందుకంటే అది కార్డు పనినే తగ్గిస్తుంది. మధ్యలో ఫ్రేమ్‌లు కార్డే కల్పించే ఫ్రేమ్ జనరేషన్‌తో అంకె పెరుగుతుంది గానీ మౌస్ స్పందన మెరుగవదు. రే ట్రేసింగ్ (కాంతిని నిజంలా చూపించే సెట్టింగ్) ఆన్ చేస్తే ప్రాసెసర్ మీదా భారం పడుతుంది, 64 కూడా ఉండదు.

కౌంటర్ స్ట్రైక్ కోసమైతే మాత్రం కార్డు కొనకండి. దానికి కావాల్సింది 5600 లేదా 5700ఎక్స్3డీ.

జవాబు 3

ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉందా, రెండా? బయోస్‌లో (బోర్డు సెట్టింగ్స్‌లో) ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని పూర్తి వేగంలో నడిపే సెట్టింగ్, ఆన్ చేశారా? 3200 ర్యామ్ 2133లో నడుస్తున్న పీసీలు ఎన్నో చూశాను. పాత రైజెన్‌లకి ర్యామ్ వేగం చాలా ముఖ్యం, ముందు అది సరిచూసుకోండి.

అడిగినవారు

ఆఫ్‌లోనే ఉంది! ఇప్పుడే ఆన్ చేశా, కౌంటర్ స్ట్రైక్ కాస్త పెరిగింది. కార్డు కొంటాను, ప్రాసెసర్ తర్వాత. పవర్ సప్లై మార్చాలా?

జవాబు 2

అక్కర్లేదు. 1060ది 120 వాట్లు, 4060ది 115. కాకపోతే చాలా మోడళ్లు 8 పిన్ కేబుల్ అడుగుతాయి, మీ సప్లైకి అది ఉందో లేదో చూసుకోండి. ఇంకొకటి, 4060 బోర్డుతో డేటా మార్చుకోవడానికి ఎనిమిది లేన్లే (దారులే) వాడుతుంది, మీ బోర్డులో ఆ దారులు పాత తరం పీసీఐఈ 3.0. మామూలుగా తేడా స్వల్పమే, కార్డులోని 8 జీబీ మెమరీ నిండిపోతే మాత్రం కుదుపులు వస్తాయి. టెక్స్చర్లు ఆ హద్దులో ఉంచుకోండి. ప్రాసెసర్ మార్చే రోజు 2600 బోర్డులో ఉండగానే బయోస్ అప్‌డేట్ చేసి, ఆ తర్వాతే కొత్తది పెట్టండి.