అమెరికన్ ఫుట్‌బాల్‌లో లైన్‌బ్యాకర్‌ని తీసి ఐదో డీబీని (డిఫెన్సివ్ బ్యాక్) దింపితే స్ప్రెడ్ ఆగుతుందా?

గోదారోడు: వాట్సాప్‌లో తెగని గొడవ ఇది. స్ప్రెడ్ అటాక్ వాళ్లు నలుగురు రిసీవర్లను, అంటే పాస్ పట్టేవాళ్లను, 53 గజాల వెడల్పంతా పరిచేస్తే, మధ్యలో కాపు కాసే 240 పౌన్ల లైన్‌బ్యాకర్ స్లాట్‌లో (లైనుకీ అంచు రిసీవర్‌కీ మధ్య) ఉన్న పిల్లాడి వెనక ఎక్కడ పరిగెడతాడు? అందుకే కోచ్ గ్యారీ ప్యాటర్సన్ టీసీయూలో (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) 4-2-5 డిఫెన్స్ ఆడించాడు; చివరి 5 అంటే డీబీలే. ఆ ఐదో డిఫెన్సివ్ బ్యాక్ మూడో డౌన్‌కి (మూడో ప్రయత్నానికి) వచ్చిపోయే చుట్టం కాదు, మొదటి ప్లే నుంచీ లోపలే ఉంటాడు. అవతలివాళ్లు హడుల్ (ప్లేకి ముందు గుమిగూడడం) లేకుండా గబగబా ఆడేసినా మనిషిని మార్చే టెన్షన్ లేదు.

ఫ్రిస్కో నాన్న: 2014. బేలర్ 61, టీసీయూ 58. మీ ఐదుగురూ ఎక్కడికి పోయారు?

గోదారోడు: ఇదే తెస్తారనుకున్నా. నాలుగో క్వార్టర్‌లో 58-37తో ముందున్నది టీసీయూనే కదండీ. 2011 రోజ్ బౌల్ మ్యాచ్ కూడా చెప్పండి మరి, అంత బరువైన విస్కాన్సిన్ మీద 21-19. చివర్లో స్కోరు సమం చేసే రెండు పాయింట్ల పాస్‌ని ట్యాంక్ కార్డర్ కొట్టి పడేశాడు.

ఫ్రిస్కో నాన్న: కార్డర్ లైన్‌బ్యాకర్!!

గోదారోడు: 4-2-5లో ఆ 2 ఎవరనుకున్నారు మీరు?

ఓరుగల్లు98: 2017లో అయోవా స్టేట్ ఓక్లహోమాని వాళ్ల గ్రౌండ్‌లోనే 38-31తో కొట్టింది. ముగ్గురు సేఫ్టీల (అందరికంటే వెనకుండే డీబీలు) పద్ధతికి పేరొచ్చింది ఆ సీజన్‌లోనే.

ఫ్రిస్కో నాన్న: 31 ఇచ్చుకుని కూడా డిఫెన్స్ గొప్పేనా. నా బాధ మీకేం తెలుస్తుంది. మావాడు మూడేళ్లు బరువులెత్తి 215 పౌన్లకొచ్చాడు. కోచ్ ఐదుగురు డీబీలంటూ వాడిని బెంచీ మీద కూర్చోబెట్టి, నిన్నటిదాకా రిసీవర్‌గా ఆడిన బక్కోణ్ణి దింపాడు. ఆ బక్కోడు బంతితో పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ నడుం పట్టుకున్నాడు గానీ, ఆ రన్నింగ్ బ్యాక్ వీణ్ణి వీపునేసుకుని నాలుగు గజాలు లాక్కుపోయాడు. నా కళ్లతో చూశాను.

గోదారోడు: అయితే మీ గొడవ స్ప్రెడ్‌తో కాదు, కోచ్‌తో. ముందే చెప్తే పోయేది కదా! పరుగులో నాలుగు గజాలు పోతే పోనీ, పాస్‌లో నలభై ఇవ్వలేను నేను.

ఫ్రిస్కో నాన్న: నాలుగేసి మూడుసార్లు ఇస్తే పది గజాలు దాటి ఫస్ట్ డౌనే సార్, మళ్లీ కొత్త ఛాన్సులు. అవతలివాళ్లు టైట్ ఎండ్‌ని (లైన్ పక్కన నిలబడి దారి చేసే భారీ రిసీవర్) తెచ్చి మధ్యలోంచే తొక్కుకుంటూ పోతే మీ తేలికపాటి వాళ్లు ఏం చేస్తారు? నేను మొదట్నుంచీ అడుగుతున్నది ఇదే.

గోదారోడు: మొదట్నుంచీ మీరడిగింది బేలర్ స్కోరు.

ఓరుగల్లు98: అన్నా, అబ్బాయిని కోచ్ వేరే పొజిషన్‌లో ఆడమని అడగలేదా?

ఫ్రిస్కో నాన్న: అడిగారు. డిఫెన్సివ్ ఎండ్, ముందు లైన్ చివర. వాడు సరేనన్నాడు, నేనే వద్దన్నాను.