పోస్ట్‌గ్రెస్ కొత్త సర్వర్: కాన్ఫిగ్ మార్చినా మార్పు కనిపించట్లేదు, అసలు ఫైలు ఏది?

తోతాపురి_చిత్తూరు:
చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సిస్టమ్స్ పని నాది. సీజన్ మొదలయ్యేలోపు వేబ్రిడ్జి (లారీ తూకం) బిల్లింగ్‌ని కొత్త సర్వర్‌కి మార్చాలి. సర్వర్ సప్లయ్ చేసినవాళ్లు ముందు ఉబుంటు 22.04 వేసి, తర్వాత 24.04కి అప్‌గ్రేడ్ చేసి ఇచ్చారు. అందులో పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) 16 ఉంది. సర్వర్ ముందు కూర్చుంటే డేటాబేస్ తెరుచుకుంటోంది, వేబ్రిడ్జి కంప్యూటర్ నుంచి 5432 పోర్టుకి పోతే మాత్రం 'కనెక్షన్ రిఫ్యూజ్‌డ్'. లిజన్_అడ్రసెస్‌లో (సర్వర్ ఏ అడ్రసుల మీద వినాలో చెప్పే సెట్టింగ్) లోకల్‌హోస్ట్ పక్కన సర్వర్ ఐపీ రాసి రీస్టార్ట్ చేశాను. అయినా అంతే. సర్వీస్ స్టేటస్ అడిగితే 'యాక్టివ్, ఎగ్జిటెడ్' అంటోంది. గేటు దగ్గర లారీలు క్యూ కట్టాక ఇది మొరాయిస్తే రైతులకు నేనేం చెప్పాలి?

తిరుచానూరు_అడ్మిన్:
'ఎగ్జిటెడ్' చూసి టెన్షన్ పడకండి. ఉబుంటులో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే సర్వీస్ పేరుకే పెద్ద. అది మిగతావాటిని లేపి పక్కకు తప్పుకుంటుంది. అసలు పని చేసేది 'పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్@16-మెయిన్'. దాని స్టేటస్ చూడండి. లాగ్‌లు వార్ కింద లాగ్, అందులో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఫోల్డర్‌లో ఉంటాయి.

పీలేరు_కోడర్:
ఫైర్‌వాల్ ఆపేసి చూడు బ్రో.

తిరుచానూరు_అడ్మిన్:
ఫైర్‌వాల్ అడ్డుకుంటే సాధారణంగా చాలాసేపు తిప్పి 'టైమవుట్' వస్తుంది. వెంటనే 'రిఫ్యూజ్‌డ్' వచ్చిందంటే ఆ ఐపీ మీద, ఆ పోర్టులో వినేవాళ్లు లేరనే ముందు అనుమానించాలి.

పలమనేరు_డీబీఏ:
22.04 నుంచి 24.04 అన్నారు కదా, నా అనుమానమంతా అక్కడే. 22.04తో వచ్చేది పోస్ట్‌గ్రెస్ 14, 24.04తో వచ్చేది 16. అప్‌గ్రేడ్ చేస్తే పాతది దానంతట అది పోదు. 5432ని పాతదే పట్టుకుని కూర్చుంటే కొత్తది 5433కి పోతుంది. 'పీజీ_ఎల్ఎస్‌క్లస్టర్స్' కొట్టండి, వెర్షన్, పోర్టు, డేటా ఫోల్డర్ అన్నీ కనిపిస్తాయి. (కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా, టెర్మినల్‌లో ఇంగ్లీషులోనే కొట్టాలి సామీ.)

ఇంకోటి. కాన్ఫిగ్ ఫైలు కోసం డిస్కంతా వెతకొద్దు. ఒకే పేరుతో నాలుగు ఫైళ్లు దొరికితే అందులో ఏది నిజమో వెతుకులాట చెప్పదు. నడుస్తున్న సర్వర్‌నే అడగాలి. పోస్ట్‌గ్రెస్ యూజర్‌గా పీఎస్‌క్యూఎల్‌లోకి వెళ్లి 'షో కాన్ఫిగ్_ఫైల్', 'షో హెచ్‌బీఏ_ఫైల్', 'షో పోర్ట్' అడగండి. అది చదివిన ఫైలు పేరు అదే చెబుతుంది.

తోతాపురి_చిత్తూరు:
అన్నా, మీరు చెప్పిందే. 14 ఉన్నది 5432లో, 16 ఉన్నది 5433లో. 'షో కాన్ఫిగ్_ఫైల్' అడిగితే 14 ఫోల్డర్ చూపించింది. నేను మార్చింది 16 ఫోల్డర్‌లో. 14లో మా డేటా ఏమీ లేదు, తీసేయనా?

పలమనేరు_డీబీఏ:
ఇప్పుడే తీసేయొద్దు. 'పీజీ_డ్రాప్‌క్లస్టర్' డేటాతో పాటు కాన్ఫిగ్‌నీ తుడిచేస్తుంది, వెనక్కి రాదు. 14ని ఆపి, దాని కాన్ఫిగ్ ఫోల్డర్‌లోనే ఉన్న స్టార్ట్.కాన్ఫ్‌లో 'ఆటో' బదులు 'మాన్యువల్' రాయండి. తర్వాత 16 కాన్ఫిగ్‌లో పోర్టు 5432 చేసి రీస్టార్ట్ ఇవ్వండి. పోర్టుకైనా లిజన్_అడ్రసెస్‌కైనా రీలోడ్ చాలదు. సీజన్ అయ్యాక తీరిగ్గా చూసుకుని డ్రాప్ చేయొచ్చు.

తోతాపురి_చిత్తూరు:
చేశాను. ఎర్రర్ మారింది! ఇప్పుడు ఈ హోస్ట్‌కి పీజీ_హెచ్‌బీఏలో (ఎవరిని లోపలికి రానివ్వాలో రాసే ఫైలు) ఎంట్రీ లేదంటోంది.

పీలేరు_కోడర్:
అందులో 0.0.0.0/0 రాసి చివర 'ట్రస్ట్' పెట్టెయ్, అన్నీ కనెక్ట్ అయిపోతాయి.

తిరుచానూరు_అడ్మిన్:
అలా పెడితే ఆ సర్వర్‌ని చేరగలిగిన ఎవడైనా పాస్‌వర్డ్ లేకుండానే లోపలికొస్తాడు, పోస్ట్‌గ్రెస్ సూపర్‌యూజర్‌గా కూడా. బిల్లింగ్ మెషీన్ అది! మొదట 'హోస్ట్', తర్వాత మీ డేటాబేస్ పేరు, యూజర్ పేరు, వేబ్రిడ్జి కంప్యూటర్ ఐపీకి /32 (ఆ ఒక్క ఐపీకే అని), చివర 'స్క్రామ్-షా-256' (పాస్‌వర్డ్ అడిగే పద్ధతి). అంతే రాయండి. ఈ ఫైల్‌కి రీలోడ్ చాలు. పై నుంచి కిందికి చదువుతూ మొదట సరిపోయిన లైన్‌నే తీసుకుంటుంది కాబట్టి పైన 'రిజెక్ట్' లాంటిది లేకుండా చూసుకోండి.

కాణిపాకం_లైనక్స్:
మాది రాకీ లైనక్స్. పోస్ట్‌గ్రెస్ వాళ్ల సొంత రిపాజిటరీ నుంచి వేసుకుంటే ఉబుంటులోలా ఈటీసీ ఫోల్డర్‌లో కాన్ఫిగ్ ఏమీ ఉండదు. వార్, లిబ్, పీజీఎస్‌క్యూఎల్, 16, డేటా అనే దారిలో కాన్ఫిగ్, డేటా ఒకేచోట ఉంటాయి. పైగా ఇనిట్‌డీబీ (డేటా ఫోల్డర్‌ని మొదటిసారి సిద్ధం చేసే పని) మనమే చేయాలి. అది చేయకుండా స్టార్ట్ కొట్టి, సర్వీస్ లేవట్లేదని తల పట్టుకునేవాళ్లే ఎక్కువ.

ఎస్వీయూ_విద్యార్థిని:
మైఎస్‌క్యూఎల్‌కి కూడా ఇలా అడగొచ్చా? ప్రాజెక్టు కోసం వేశాను. దాని కాన్ఫిగ్ ఫైలు మై.సీఎన్ఎఫ్ తెరిస్తే దాదాపు ఖాళీ.

కాణిపాకం_లైనక్స్:
ఉబుంటులో ఆ ఫైలు వేరే ఫోల్డర్లను కలుపుతుంది అంతే. ఏ అడ్రసు మీద వినాలో చెప్పే బైండ్-అడ్రస్ ఉండేది మైఎస్‌క్యూఎల్.కాన్ఫ్.డీ ఫోల్డర్‌లోని మైఎస్‌క్యూఎల్‌డీ.సీఎన్ఎఫ్‌లో. 'మైఎస్‌క్యూఎల్‌డీ --వెర్బోస్ --హెల్ప్' కొడితే ఏ ఫైళ్లను ఏ వరుసలో చదువుతుందో మొదట్లోనే చెబుతుంది. పోర్టు 3306.

తోతాపురి_చిత్తూరు:
వేబ్రిడ్జి నుంచి బిల్లు పడింది. ఒక్క డౌట్ మిగిలింది. షేర్డ్_బఫర్స్ (పోస్ట్‌గ్రెస్ డేటాని ఉంచుకునే మెమరీ) కాన్ఫిగ్‌లో 4 జీబీ రాసి రీస్టార్ట్ చేసినా 'షో'లో 1 జీబీయే వస్తోంది. ఇప్పుడు ఫైలు సరైనదే.

పలమనేరు_డీబీఏ:
'ఆల్టర్ సిస్టమ్' అనే కమాండ్‌తో ఎవరో ముందే మార్చి ఉంటారు. అది డేటా ఫోల్డర్‌లోని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.ఆటో.కాన్ఫ్‌లో పడుతుంది. దాన్ని చివర్లో చదువుతుంది కాబట్టి దానిదే చెల్లుతుంది. పీఎస్‌క్యూఎల్‌లో పీజీ_సెట్టింగ్స్ అనే పట్టికలో సోర్స్‌ఫైల్, సోర్స్‌లైన్ కాలమ్స్ చూడండి, ఫైలుతో పాటు లైన్ నంబరు కూడా వస్తుంది. ఆటో ఫైల్‌ని చేత్తో ఎడిట్ చేయొద్దు, 'ఆల్టర్ సిస్టమ్ రీసెట్ షేర్డ్_బఫర్స్' ఇచ్చి రీస్టార్ట్ చేయండి.