4×5 అంగుళాల షీట్ ఫిల్ము ఇంట్లో డెవలప్ చేయడం: ట్రేలో గీతలు, అంచులు దట్టం. ట్రే మార్చాలా, పద్ధతి మార్చాలా?

కొత్తషీటు:
నమస్కారం. 4×5 ఎఫ్‌పీ4 ప్లస్ (ఇల్‌ఫోర్డ్ వారి నలుపు-తెలుపు ఫిల్ము) ట్రేలో డెవలప్ చేస్తే రెండు లోపాలు వస్తున్నాయి. ఆకాశం ఉన్న చోట నెగెటివ్ పొడవాటి అంచుల వెంట వేలెడు వెడల్పున దట్టంగా, మధ్యలో పలచగా ఉంటోంది. రెండోది, ఎమల్షన్ (వెలుతురుకు స్పందించే పూత) మీద సన్నటి వంకర గీతలు. చాలావరకు షీటు మూలల దగ్గరే మొదలవుతున్నాయి.

ఇప్పుడు చేస్తున్న తీరు: 20×30 సెం.మీ. ప్లాస్టిక్ డబ్బాలు మూడు, ఒక్కోదాంట్లో లీటరు ద్రావణం. డెవలపర్ డీ-76, 1+1 (స్టాక్, అంటే పలచన చేయని మందు, ఒక వంతు; నీళ్ళు ఒక వంతు). నాలుగు షీట్లూ పొడిగానే వరసగా వేసి, ఎమల్షన్ పైకి ఉంచి, డబ్బాను కుడి ఎడమలకు ఊపుతూ, నిమిషానికోసారి అడుగు షీటు తీసి పైన వేయడం. మొత్తం 11 నిమిషాలు. కుళాయి నీళ్ళు 24 డిగ్రీలు. షీట్ ఫిల్ము ట్యాంకు కొనే ఆలోచన లేదు. ట్రేతోనే సరిదిద్దుకోవచ్చా? లేక పైపు గొట్టాలో, పాటర్సన్ ట్యాంకులో (రోలు ఫిల్ము డెవలప్ చేసే మూత డబ్బా) చుట్టి పెట్టడమో మేలా?

హైపోవాసన:
ట్రేలోనే సరవుతుందండీ. రెండు లోపాలూ చేయి ఆడే తీరు వల్ల వచ్చినవే.

ముందు టైము సంగతి. 11 నిమిషాలు 20 డిగ్రీల లెక్క. 24 దగ్గర అదే టైము ఉంచితే నెగెటివ్ అంతా అతిగా ముదిరి, ఆకాశంలో ఉన్న కాస్త తేడా కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 20 దగ్గర 4 నిమిషాలైతే 23 దగ్గర 3, 16 దగ్గర 6 అని ఇల్‌ఫోర్డ్ చెప్పే లెక్క. దాని ప్రకారం 24 కి మీకు సుమారు ఏడున్నర నిమిషాలు చాలు. చల్లబరచాలనుకుంటే ఐసును మూతి కట్టిన సంచిలో వేసి, డెవలపర్ డబ్బా కూర్చున్న తొట్టి నీళ్ళలో పెట్టండి. డెవలపర్‌లో మాత్రం వేయకండి, పలచబడిపోతుంది. టైము 5 నిమిషాల లోపుకు పడిపోతే మాత్రం చల్లబరచాల్సిందే, లేదా ఇంకా పలచగా కలపాలి. అంత తక్కువ టైములో మొదటి పది సెకన్ల తేడాలు కూడా నెగెటివ్ మీద మిగిలిపోతాయి.

అంచులు దట్టంగా రావడానికి ఆ ఊపుడే కారణం. ఎప్పుడూ ఒకే దిక్కున ఊపితే ద్రావణం గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చేటప్పుడు అంచుల మీదుగా జోరుగా పారుతుంది. తాజా డెవలపర్ అక్కడికే ఎక్కువ అందుతుంది. షీట్లు తిప్పుతున్నప్పుడు, అంటే అడుగుది తీసి పైన వేస్తున్నప్పుడు, డబ్బాను అసలు ఊపక్కర్లేదు. తిప్పడమే కదలిక.

డబ్బా కూడా పెద్దదైంది. షీట్లు తలో దిక్కుకు జారి ఒకదాని మూల ఇంకోదాన్ని గీస్తోంది. 15×20 సెం.మీ. లోపలి కొలత చాలు, వేళ్ళు దూరేంత చోటు ఉంటుంది. అందులో అర లీటరు పోస్తే లోతు ఒకటిన్నర సెంటీమీటరు దాటుతుంది. 250 మి.లీ. స్టాక్, 250 నీళ్ళు. నాలుగు 4×5 షీట్ల వైశాల్యం ఒక 120 సైజు రోలు ఫిల్ముకు సమానం కనుక మందు కూడా సరిపోతుంది.

ఇక అసలు పని. పొడి షీట్లు నేరుగా డెవలపర్‌లో వేస్తే జెలటిన్ ఉబ్బేటప్పుడు ఒకదానికొకటి అంటుకుంటాయి. విడదీయబోతే ఎమల్షన్ లేచి వస్తుంది. ముందు అదే ఉష్ణోగ్రతలో ఉన్న నీళ్ళ ట్రే ఒకటి పెట్టుకోండి. ఒక్కో షీటు వేసి, అరచేత్తో నొక్కకుండా వేలి కొసలతో ముంచి, 20 సెకన్లు ఆగి తర్వాతది. అన్నీ పడ్డాక రెండు నిమిషాలు తిప్పండి. షీట్ల మధ్య పట్టు పోయి తేలిగ్గా జారడం వేళ్ళకే తెలుస్తుంది.

షీటు నిలువుగా పట్టుకున్నప్పుడు అంచున కోసి ఉండే గాట్లు పై కుడి మూలన తగిలితే ఎమల్షన్ మీ వైపున్నట్టు. మొదటి షీటును మాత్రం 180 డిగ్రీలు తిప్పి, గాట్లు ఎదురు మూలకు వచ్చేలా వేయండి. చీకట్లో ఆ గాటు వేలికి తగిలిన ప్రతిసారీ ఒక చుట్టు పూర్తయినట్టు. డెవలపర్‌లోకి ముందు వెళ్ళేదీ, ముందు బయటికి వచ్చేదీ కూడా అదే. ఆరేడు సెకన్లకు ఒక షీటు చొప్పున లోపలికి, అదే వరసలో అదే ఎడంతో బయటికి.

నా ఓటు ఎమల్షన్ కిందికే. పైకి ఉంటే, అడుగు నుంచి తీసిన షీటును పైన పెడుతున్నప్పుడు దాని మూల కింది షీటు ఎమల్షన్‌ను గీస్తుంది. మీ వంకర గీతలు అవే. కిందికి ఉంటే ఆ మూల తగిలేది కింది షీటు వీపుకు. అయితే డబ్బా అడుగు నున్నగా ఉండాలి, గరుకైనా గట్లున్నా ఇది పనికిరాదు. అడుగు షీటును పొడవాటి అంచు పట్టుకుని పక్కకు లాగి, పూర్తిగా బయటికి వచ్చాక ఎత్తి, ద్రావణం మీద బల్లపరుపుగా వదిలి, మునివేళ్ళతో కిందికి ముంచండి. మూల ముందుగా దించడం, షీటును షీటు మీద తోయడం రెండూ వద్దు. ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి లాగండి. ఆరేడు సెకన్లకొక షీటు, అంటే అర నిమిషంలోపే ఒక చుట్టు. నిమిషానికోసారి అన్నది మరీ తక్కువ.

పాడైన షీటు ఒకటి దగ్గరుంచుకుని, వెలుతురులో నీళ్ళ ట్రేలో ఈ కదలిక పదిసార్లు చేసి చూడండి. నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. డీ-76 లో మెటాల్ ఉంటుంది, కొందరి చర్మానికి అది జన్మలో వదలని దురద తెచ్చిపెడుతుంది.

పైపుముక్క:
పై జవాబు అక్షరాలా నిజం, కానీ గీతల భయం పూర్తిగా పోవాలంటే షీటుకో గొట్టం ఉండాలి. ఫిల్ముకు ఫిల్ము తగలదు, మూత బిగించాక దీపం వేసుకోవచ్చు.

పీవీసీ పైపు లోపలి వ్యాసం 38 నుంచి 40 మి.మీ. ఉండాలి. ఫిల్ము పొట్టి వైపు సుమారు 100 మి.మీ., 40 మి.మీ. పైపు లోపలి చుట్టుకొలత 125. రెండు అంచుల మధ్య రెండు సెంటీమీటర్ల సందు మిగులుతుంది. 32 కు దగ్గరైతే అంచులు ఒకదానిపై ఒకటి ఎక్కి ఆ చారలో డెవలప్ కాదు. పొడవు 16 సెం.మీ. కోసి, కోసిన అంచును లోపలి వైపు సన్నటి గరుకు కాగితంతో రుద్దండి. ఎమల్షన్‌ను గీసేది ఆ అంచే. ఒక చివర మూత పైపుల జిగురుతో శాశ్వతంగా, రెండో చివర మరమూత. జిగురు ఒక రోజు ఆరనివ్వండి. తర్వాత చీకట్లో లోపల చిన్న టార్చి వెలిగించి మూత పెట్టి చూడండి. తెల్ల పైపులు చాలా సార్లు వెలుగును వదులుతాయి. బయట నల్ల రంగు రెండు పూతలు వేస్తే ఆ బాధ పోతుంది.

ఒక్కో గొట్టానికి 120 మి.లీ., అంటే 60 స్టాక్, 60 నీళ్ళు. చీకట్లో ఎమల్షన్ లోపలికి వచ్చేలా షీటు దూర్చి, నీళ్ళు పోసి నిమిషం తర్వాత ఒంపి, డెవలపర్‌ను ఒక్క ఊపున పోసి, మూత బిగించి వెంటనే పడుకోబెట్టి దొర్లించాలి. పోయడంలో తాత్సారం చేస్తే అక్కడే చార పడుతుంది. సెకనుకు ఒక చుట్టు చాలు. అర నిమిషానికోసారి తలా తోకా మార్చండి, ఎందుకంటే బల్ల కొద్దిగా వాలి ఉన్నా ఒక చివర దట్టంగా వస్తుంది. ఆగకుండా దొర్లుతుంది కాబట్టి టైములో 15 శాతం దాకా తగ్గించాలి: 20 డిగ్రీల దగ్గర 11 కు బదులు తొమ్మిదిన్నర. డెవలపర్ ఒంపడం, స్టాప్ (డెవలపింగును ఆపేది), ఫిక్సర్ (బొమ్మను నిలిపేది) పోయడం మళ్ళీ చీకట్లోనే. ఈ గొట్టానికి ట్యాంకు మూతకుండే వెలుతురు అడ్డు లేదు.

గ్రెయిన్:
పాటర్సన్ ట్యాంకు ఇప్పటికే ఉంటే చుట్టే పద్ధతి తేలిక. ఎమల్షన్ లోపలికి ఉండేలా షీటును అర్ధచంద్రాకారంగా వంచి, జుట్టుకు పెట్టుకునే బ్యాండు ఒకటి నడుముకు వేయడమే. లీటరు పట్టే ట్యాంకులో నాలుగు పడతాయి. మధ్య గొట్టం మాత్రం మర్చిపోకూడదు, వెలుతురును ఆపేది అదే. లీటరు ద్రావణం ఖర్చవుతుంది, అదొక్కటే నష్టం. నిమిషానికి నాలుగు సార్లు నెమ్మదిగా తలకిందులు చేయండి. దడదడా ఊపితే చుట్టలు లేచి ఒకదానిమీద ఒకటి పడతాయి.

పైపులోనైనా ఇక్కడైనా ఫిల్ము వీపు గోడకు అతుక్కున్న చోట వెనక పూత రంగు కరగక నీలమో గులాబీయో మచ్చగా మిగులుతుంది. దాన్ని చూసి కంగారు పడకండి. ఫిక్సర్ సగం అయ్యాక షీటు బయటికి తీసి ట్రేలో వీపు తేలేలా మిగతా టైము ఫిక్స్ చేసి, లీటరుకు 20 గ్రాముల సోడియం సల్ఫైట్ నీళ్ళలో రెండు నిమిషాలు ఉంచితే పోతుంది. పైపు లోపల నైలాన్ దోమతెర ముక్క పరచి దాని మీద ఫిల్ము పెడితే ఈ పని తప్పుతుంది.

కొత్తషీటు:
చాలా ఉపయోగం, ధన్యవాదాలు. ముందు ట్రేనే సరిచేస్తాను. ఇంకో మూడు సందేహాలు. స్నానాల గది చీకటి చాలిందో లేదో ఎలా తేల్చాలి? ఎండు హైపో (సోడియం థయోసల్ఫేట్) పలుకులతో ఫిక్సర్ చేస్తే సరిపోతుందా? మార్చిన పద్ధతి సరిగ్గా పని చేసిందని దేన్ని చూసి నమ్మాలి?

హైపోవాసన:
తలుపు మూసి పది నిమిషాలు చీకట్లో కూర్చోండి. మొదటి రెండు నిమిషాల్లో కనబడని సందులు అప్పుడు తెల్లగా తేలతాయి. గీజరు దీపం, ఫోను, రేడియం ముళ్ళ గడియారం కూడా చూసుకోండి. ఎఫ్‌పీ4 అన్ని రంగులకూ స్పందించే ఫిల్ము, ఎర్రదీపం కూడా పనికిరాదు. టైముకు ఫోనులో ముందే రికార్డు చేసిన నిమిషాల లెక్క వినిపించుకోండి, తెర బోర్లించి, గుడ్డ చుట్టి.

హైపో సరిపోతుంది. 700 మి.లీ. వేడి నీళ్ళలో 250 గ్రాముల పలుకులు కరిగించండి. కరిగేటప్పుడు నీళ్ళు బాగా చల్లబడతాయి, అందుకే వేడి. పూర్తిగా చల్లారాకే 25 గ్రాముల సోడియం మెటాబైసల్ఫైట్ వేసి లీటరుకు నింపండి. వేడిగా ఉండగా వేస్తే గంధకం విరిగి తెల్లటి మడ్డి అవుతుంది, అది పారబోయాల్సిందే. పారేసే ఫిల్ము ముక్క ఒకటి వెలుతురులోనే అందులో ముంచి, పాలరంగు పోయి తేటపడటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూసి, దానికి రెట్టింపు ఫిక్స్ చేయండి. కొత్తగా కలిపినప్పుడు పట్టిన టైముకు రెట్టింపు పడుతోందంటే ఆ ఫిక్సర్ పని అయిపోయినట్టు. తర్వాత పదిహేను నిమిషాల్లో ఆరుసార్లు నీళ్ళు మార్చి, చివర డిస్టిల్డ్ వాటరులో వెట్టింగ్ ఏజెంటు (నీటి మరకలు పడకుండా చేసే ద్రవం) రెండు చుక్కలు, ఒక మూల క్లిప్పుకు వేలాడదీయడం.

పరీక్షకు ఆకాశం కన్నా సాదా గోడ మంచిది. సమానంగా వెలుతురు పడ్డ గోడను ఫోకస్ చెదరగొట్టి, ఎఫ్/22 దగ్గర, మీటరు చెప్పినదానికి ఒక స్టాపు ఎక్కువ (అంటే రెట్టింపు వెలుతురు) ఇచ్చి రెండు షీట్లు తీయండి. డెవలప్ చేసి తెల్ల కాగితం ముందు, కాస్త దూరం నుంచి చూడండి. నాలుగు మూలలూ ఒకే మోతాదులో పలచగా ఉంటే అది లెన్సుది. ఒక వైపో, ఒక అంచు వెంటో తేడా ఉంటే చేతిది. రెండో షీటును డెవలపర్‌లో ఎదురు దిక్కుకు తిప్పి వేసి ఉంటే ఇంకా తేలిక: మచ్చ ఫిల్ముతో పాటు తిరిగిందా, ట్రే వైపే ఉండిపోయిందా అన్నది రెండూ పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.