ఆంగ్లికన్ ఆలోచనకు పునాది ఎవరిది: క్రాన్మర్‌దా, హుకర్‌దా?

పాతపుస్తకాలు:
ఆంగ్లికన్ సంఘం, అంటే పోప్ నుంచి విడిపోయిన ఇంగ్లండ్ క్రైస్తవ సంఘం అనగానే చాలామంది ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ విడాకుల గొడవ చెప్పి అక్కడే ఆపేస్తారు. 1534లో రాజు సంఘానికి తానే అధిపతినని చట్టం చేయించుకున్న మాట నిజమే, కానీ దాంతో పెత్తనం చేతులు మారింది తప్ప కొత్త ఆలోచనేమీ పుట్టలేదు. నా దృష్టిలో ఆ పని చేసింది ఆంగ్లికన్ గురువు, పండితుడు రిచర్డ్ హుకర్. బైబిల్లో ఆజ్ఞ లేని పద్ధతేదీ సంఘంలో ఉండకూడదని ప్యూరిటన్లు (సంఘాన్ని ఇంకా శుద్ధి చేయాలన్న వర్గం) పట్టుబడుతుంటే, రక్షణకు కావలసినదంతా లేఖనాల్లో ఉంది గానీ గురువుల దుస్తులు, పండుగలు, పరిపాలన లాంటివి దేవుడిచ్చిన బుద్ధితో, పూర్వికుల ఆచారం చూసుకుని సంఘమే నిర్ణయించుకోవచ్చని 1593 నుంచి వచ్చిన తన గ్రంథంలో ఎంతో ఓపిగ్గా వాదించాడు.

డోర్నకల్‌వాసి:
నేను ఒప్పుకోనండీ. హుకర్‌ని చదివింది పండితులు. కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ క్రాన్మర్ కూర్చిన ఆరాధనల ప్రార్థనా పుస్తకం 1549 నుంచి చదువురానివాళ్ల చెవిన కూడా పడింది, వాళ్ల విశ్వాసం దానితోనే తయారైంది. రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభు భోజనం సంగతే చూడండి. 1549లో రొట్టె ఇస్తూ క్రీస్తు శరీరం నిన్ను కాపాడుగాక అనేవారు. 1552లో అది తీసేసి, ఆయన్ని జ్ఞాపకం చేసుకుని తినమన్నారు. 1559లో ఎలిజబెత్ హయాంలో రెండు మాటలూ కలిపేశారు. అప్పటికి హుకర్ ఇంకా పసివాడు!

సంఘచరిత్ర:
ఇద్దరూ ఆంగ్లికన్ బిషప్ జాన్ జూవెల్‌ని వదిలేశారు. రోమన్ కాథలిక్కుల ఫలానా ఆచారాలకు మొదటి 600 ఏళ్ల సంఘ పితరుల (తొలినాటి క్రైస్తవ బోధకుల) రాతల్లో ఆధారం చూపిస్తే ఓటమి ఒప్పుకుంటానని 1559లో లండన్‌లో సవాలు చేసింది ఆయనే. మాది కొత్త మతం కాదన్న ధీమా అక్కడిదే. హుకర్ ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకోవడానికి సాయపడింది కూడా ఆయనే కదా.

పాతపుస్తకాలు:
జూవెల్ విషయం ఒప్పుకుంటాను. కానీ డోర్నకల్ గారూ, రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టినంత మాత్రాన అవి ఎలా పొసుగుతాయో తేలదు కదా. రొట్టెలో క్రీస్తు నిజంగా ఉన్నాడా అన్న ప్రశ్న మీదే మనుషుల్ని సజీవంగా కాల్చిన కాలం అది, క్రాన్మరే 1556లో అలా పోయాడు. క్రీస్తు సన్నిధిని రొట్టెలో వెతకొద్దు, యోగ్యంగా పుచ్చుకునేవాడిలో వెతకండి అని 1597లో వచ్చిన ఐదో భాగంలో హుకర్ దారి చూపించాడు.

డోర్నకల్‌వాసి:
ఆ వివరణ నచ్చనివాళ్లు కూడా అదే బల్ల దగ్గరికి వచ్చారుగా, నేననేది అదే. 1947లో ఆంగ్లికన్లు, ఇతర సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడినప్పుడు కూడా బిషప్పులు ఉండాలన్నారే గానీ, ఆ పదవికి ఇదొక్కటే అర్థమని ఎవరి మీదా రుద్దలేదు. అందులో నాకు హుకర్ కంటే 1559 పుస్తకమే ఎక్కువ కనిపిస్తుంది.