సెకండ్‌హ్యాండ్ రికర్వ్ విల్లు కొన్నాను, స్ట్రింగ్ మధ్యలోకి రావట్లేదు

కొత్తవిలుకాడు: పాత టేక్‌డౌన్ (విడదీసి బిగించుకునే) విల్లు కొన్నాను. 25 అంగుళాల ఐఎల్ఎఫ్ (లింబులు మార్చుకునే ప్రామాణిక బిగింపు) రైజర్, అంటే మధ్యలో పట్టుకునే భాగం; మీడియం లింబులు, అంటే పైనా కిందా వంగే భాగాలు; లాగే బరువు 36 పౌండ్లు. వెనక నుంచి చూస్తే స్ట్రింగ్ పై లింబు దగ్గర ఎడమకి జరిగి కనిపిస్తోంది. బ్రేస్ హైట్ (పిడికీ స్ట్రింగ్‌కీ మధ్య దూరం) ఆరంగుళాలు కూడా లేదు. లింబు మెలి తిరిగిందంటారా? డబ్బులు పోయినట్టేనా?

బెజవాడబాణం: కంగారు పడకండి. పై లింబు కిందికి, కిందిది పైకి మార్చి చూడండి. వంకర కూడా లింబుతో పాటు కిందికి దిగితే లోపం లింబుదే. పైనే ఉండిపోతే రైజర్ అలైన్‌మెంట్ (లింబు తిన్నగా కూర్చునేలా చేసే సర్దుబాటు) సరిచేస్తే చాలు. నేనైతే ఇది తెలియక మంచి లింబులు సగం ధరకి అమ్మేసుకున్నా.

మేడమీదసాధన: స్ట్రింగ్ కొలిచారా? 25 రైజర్‌కి మీడియం లింబులంటే మీది 68 అంగుళాల విల్లు. స్ట్రింగ్ దానికన్నా మూడంగుళాలు తక్కువ, అంటే దాదాపు 65 ఉండాలి. బ్రేస్ హైట్ 8.5 నుంచి 9 మధ్యకి రావాలి.

కొత్తవిలుకాడు: 67 ఉందండీ! లాంగ్ లింబులది అంటగట్టాడన్నమాట. మెలేసి పొట్టి చేయొచ్చా?

మేడమీదసాధన: కాస్త తేడా అయితే మెలేయొచ్చు. రెండంగుళాలకి కుదరదు, కొత్తది కొనండి.

పాతకాపు: అసలు స్ట్రింగ్ ఎలా ఎక్కిస్తున్నారు? కాళ్ల మధ్య పెట్టి వంచుతుంటే ఇవాళే మానేయండి, బాగున్న లింబు కూడా మెలి తిరుగుతుంది. స్ట్రింగర్ (స్ట్రింగ్ ఎక్కించడానికి వాడే తాడు) వాడండి. లింబు అంచుల వెంట దూది లాగండి. పోగు చిక్కుకున్నచోట పగులుందేమో చూడాలి. అనుమానం తీరేదాకా లాగొద్దు. ఇంకోటి, కొత్తవాళ్లకి 36 పౌండ్లేమిటి బాబూ? భుజం పోతుంది.

కొత్తవిలుకాడు: కాలితోనే వంచాను, తప్పైపోయింది. దూది ఎక్కడా చిక్కలేదు. లింబులు మార్చినా వంకర పైనే ఉంది, అలైన్‌మెంట్ తిప్పితే పోయింది. 65 స్ట్రింగ్‌తో 8.75 వచ్చింది. పై టిల్లర్ (పై లింబు మొదలు నుంచి స్ట్రింగ్‌కి దూరం) మాత్రం కిందిదానికన్నా 4 మిల్లీమీటర్లు ఎక్కువ.

పాతకాపు: బాణానికి పైన ఒక వేలు, కింద రెండు వేళ్లు పెట్టి లాగేవాళ్లకి అది మామూలే. లింబు బోల్టులు ముట్టుకోకండి.

బెజవాడబాణం: నా దగ్గర 24 పౌండ్ల లింబులు ఖాళీగా ఉన్నాయి, కావాలంటే వాడుకోండి. కానీ అవి షార్ట్.

కొత్తవిలుకాడు: అంటే విల్లు 66 అవుతుంది... మళ్లీ 63 స్ట్రింగ్ కొనాలా?

బెజవాడబాణం: తప్పదు మరి!